పాలిషమ్మ ఒప్పుకోని ఉంగరం

ఆ నగల దుకాణంలో రాళ్ళు పొదిగే మేస్త్రీని అందరూ ‘చూద్దాం’ అని పిలిచేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. టీ తాగుతారా అంటే చూద్దాం అనేవాడు. వాన పడేట్టుంది, గొడుగు పట్టుకెళ్ళండి అంటే చూద్దాం అని, తడిసి ముద్దై ఇంటికి వెళ్ళేవాడు. ఇంట్లో అక్క తువ్వాలు అందిస్తూ నాలుగు మాటలు అనేది. అతను తల తుడుచుకుంటూ ఆ నాలుగూ వినేవాడు.

పెళ్ళి విషయంలోనూ అదే వరస. అక్క తెచ్చిన ప్రతి సంబంధానికీ చూద్దాం అన్నాడు. వాళ్ళు కొన్నాళ్ళు చూసి, వేరే దారి చూసుకున్నారు. అందులో ఒకావిడ ఈ మధ్యనే కూతురి నిశ్చితార్థానికి ఉంగరం చేయించుకోవడానికి అదే దుకాణానికి వచ్చింది. రాయి పొదిగింది ఇతనే. ఆ సంగతి తెలిసిన రోజు అక్క అన్నం వడ్డించి, తను తినకుండా చాలాసేపు తమ్ముడి మొహమే చూస్తూ కూర్చుంది.

“రాయి బాగా కుదిరింది” అన్నాడతను.

“నా ఖర్మ కూడా అంతే బాగా కుదిరిందిరా” అంది అక్క.

ఇంతటి మనిషికి మనసు పడటం చేతకాదని లోకం అనుకుంది. లోకానికి తొందరెక్కువ. అతను మనసు పడి చాలా ఏళ్ళయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, అంతే.

దుకాణం ముందు భాగంలో అద్దాలు, మెత్తటి కుర్చీలు, చల్లదనం. తలుపు దాటి లోపలికి వస్తే పనిగది. కిటికీ పక్కన అతని పనిబల్ల. దాని అంచుకి పళ్ళూడిన దువ్వెనలా వేలాడే ఆకురాళ్ళు, పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం. గదికి ఆ చివర పాలిష్ మోటారు. దాని ముందు, ముక్కుకి గుడ్డ కట్టుకుని, వేళ్ళకి తోలు తొడుగులు వేసుకుని ఒకామె కూర్చునేది. ఆమెని అందరూ పాలిషమ్మ అనేవారు. దుకాణంలో తయారైన ప్రతి నగా చివరికి ఆమె చేతిలోకి వెళ్ళాల్సిందే. అక్కడ ఆమె ఒప్పుకుంటే అద్దాల గదిలోకి, ఒప్పుకోకపోతే తిరిగి చేసినవాడి బల్ల మీదికి. ఆమె ఒప్పుకోకపోవడమే ఎక్కువ.

ఆమెకి ముక్కుసూటి నోరు, ఎర్ర పాలిష్ పొడి పట్టి ఎంత తోమినా తెల్లబడని గోళ్ళు ఉన్నాయి. ఆ గోళ్ళు చూసే ఒక సంబంధం వెనక్కి పోయిందట. పెళ్ళయ్యాక పని మానేస్తే గోళ్ళు బాగవుతాయి కదా అన్నారట పెళ్ళివారు. గోళ్ళు బాగానే ఉన్నాయి అందట ఈమె. ఆ కథని ఆమె, నిన్న ఎండ ఎక్కువగా ఉంది అన్నంత తేలిగ్గా చెప్పింది. వింటున్న మేస్త్రీ ఆ పూట ఒక రాయిని తలకిందులుగా పొదిగాడు.

ఇంతకీ అతను ఎప్పుడు మనసు పడ్డాడంటే, ఒక రోజు ఆమె మోటారు ఆపి, అతను చేసిన ఉంగరాన్ని వెనక్కి తిప్పి పట్టుకుంది. రాయి కింద, వేలికి ఆనుకునే లోపలి భాగం అది. పెట్టుకున్నవాళ్ళకి కూడా కనపడదు.

“మేస్త్రీ, లోపల కూడా ఇంత నున్నగా చేస్తారేంటి? ఎవరు చూస్తారు?”

“మీరు చూస్తారుగా” అన్నాడతను.

ఆమె మళ్ళీ మోటారు వేసింది. వాళ్ళిద్దరి మధ్య అంత పొడుగు సంభాషణ మరో ఏడాది దాకా జరగలేదు. అతనికి మాత్రం ఆ రోజు నుంచి ప్రతి ఉంగరం లోపలి వైపు ఇంకాస్త నున్నగా చేయాలనిపించేది.

అలా ఏళ్ళు దొర్లాక ఒకనాటికి అతను ధైర్యం చేశాడు. నోటితో కాదు, అంత ధైర్యం ఎక్కడిది! ఒక ఉంగరం చేసి, వజ్రం పొదిగి, ఆమె ముందు పెడితే మాట్లాడే పని తప్పుతుంది అనుకున్నాడు. కానీ అందులో ఒక చిక్కుంది. ఆ దుకాణంలో ఏ ఉంగరమూ పాలిషమ్మకి తెలియకుండా పూర్తి కాదు. ఆమెకి ఇవ్వాల్సిన ఉంగరానికి ఆమే పాలిష్ చేయాలి. మరో దుకాణంలో చేయించుకోవచ్చు కదా అని మీరనవచ్చు. అతని ముందు ఆ మాట అనకండి. పాపం, ఒక్కసారి కూడా కోపం తెచ్చుకోని మనిషి.

అందుకని యజమాని దగ్గరికి వెళ్ళి, తెలిసినవాళ్ళ ఆర్డరు ఒకటి ఉంది అన్నాడు. యజమాని కౌంటరు వెనక కూర్చుని సాలీడులా వచ్చేపోయేవాళ్ళని చూస్తుండే పెద్దాయన. ఎవరయ్యా ఆ తెలిసినవాళ్ళు అని అడిగాడు. నాకు తెలిసినవాడే అన్నాడు మేస్త్రీ. అది అబద్ధం కాదు.

ఇక కొలత. ఆమె వేలి సైజు అడిగితే గుట్టు రట్టవుతుంది. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు ఆమె తోలు తొడుగులు తీసి మోటారు పక్కన రేకు డబ్బాలో పడేసేది. ఆ రోజు ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే మేస్త్రీ ఒక తొడుగు తీసి, ఉంగరాల కొలత చూసే కర్రకి తొడిగి, అది ఏ గీత దగ్గర ఆగిందో చూసి, యథాస్థానంలో పెట్టేశాడు. గీత చూసి అతనికే ఆశ్చర్యమేసింది. ఆమె వేళ్ళు సన్నగా కనిపిస్తాయి. కొలత మాత్రం లావుగా వచ్చింది. అయితే పని నేర్పిన గురువు, కన్ను ఏం చెప్పినా కొలతనే నమ్మాలని తల మీద మొట్టి మరీ చెప్పాడు. అతను నమ్మాడు.

మొదటి ఉంగరం దుకాణంలో అందరూ మెచ్చుకునే రకం. నాలుగు సన్నటి బంగారు కొక్కేల మీద వజ్రం ఎత్తుగా నిలబడి, దూరానికే కనిపిస్తుంది. మైనంతో అచ్చు చేసి, పోత పోయించి, ఆకురాయితో రాకి, రాయి పొదిగి, చెమటలు పడుతుండగా మిగతా నగలతో కలిపి ఆమె పళ్ళెంలో పెట్టాడు. ఆమె పాలిష్ పట్టింది. పట్టి, కిటికీ దగ్గరికి తెచ్చింది.

“ఈ పిల్ల ఏం పని చేస్తుంది మేస్త్రీ?”

మేస్త్రీ కంటి మీది భూతద్దం తీశాడు. “ఎవరు?”

“ఈ ఉంగరం పెట్టుకోబోయే పిల్ల.”

“చేతులతో చేసే పనే.”

“అయితే ఇది పనికిరాదు. ఇంతెత్తు రాయి దుప్పటి మడతపెడితే దుప్పటికి, తల దువ్వుకుంటే జుట్టుకి పట్టుకుంటుంది. నాలుగు రోజులు పెట్టుకుని బీరువాలో పడేస్తుంది. ఇచ్చినవాడికి ఆ మాత్రం ఆలోచన లేదా?”

“చెప్తాను” అన్నాడతను.

“ఇంకో మాట. పిల్ల చెయ్యి గట్టిదే. ఈ సైజు వేలున్న పిల్ల ఒక్కటిచ్చుకుంటే వాడు లేవడు.”

ఆమె మోటారు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాక మేస్త్రీ ఆమె చేతుల వంక కాస్త భయంగా చూశాడు.

ఆ ఉంగరం కరిగించి రెండోది చేశాడు. ఈసారి రాయిని కిందికి దించి, చుట్టూ సన్నటి బంగారు గట్టు కట్టాడు. దేనికీ పట్టుకోదు. కానీ మరీ బోసిగా ఉందనిపించి, అటూ ఇటూ చిన్న చిన్న రాళ్ళు వరసగా పొదిగాడు. కళ్ళు లాగేసే పని. ఆమె చూసి పెదవి విరిచింది.

“ఈ చిన్న రాళ్ళ మధ్య సబ్బు, పిండి, లోకంలోని చెత్తంతా చేరుతుంది. రోజూ బ్రష్ పెట్టి తోముకోవాలి. ఆ పిల్ల పెళ్ళి చేసుకుంటోందా, పళ్ళు తోమే ఉద్యోగంలో చేరుతోందా?”

“పెద్ద రాయి ఒక్కటే ఉంటే చాలంటారా?”

“నన్నడుగుతారేంటి? కట్టుకునేవాడిని అడగండి.”

అతను కట్టుకునేవాడిని అడిగాడు. చిన్న రాళ్ళు తీసేయమన్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఆమె భోజనాల దగ్గర ఒక మాట చెప్పింది. ఊరి అవతల పెద్ద కార్ఖానా వాళ్ళు పిలిచారని, అక్కడ మోటారు దగ్గరే దుమ్ము లాగేసే ఫ్యాను ఉందని, ఈ దుమ్ముతో తనకి దగ్గు తగ్గడం లేదని, నెలాఖరుకి వెళ్ళిపోతానని. డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ వచ్చి మోటారు వేసింది. మేస్త్రీ తన డబ్బా మూత తీయనే లేదు.

అదే సాయంత్రం అతను యజమాని ముందు నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒకటి అడిగాడు.

“మనం కూడా ఆ ఫ్యాను పెట్టిస్తే బాగుంటుందండీ. ఆవిడకి దగ్గు.”

“చూద్దాం” అన్నాడు యజమాని.

ఆ మాటకి అవతలివైపు నిలబడితే ఎలా ఉంటుందో మేస్త్రీకి అప్పటిదాకా తెలీదు. ఇంటికి వెళ్ళి అక్కతో, “నేను నిన్ను చాలా ఏడిపించానక్కా” అన్నాడు. జ్వరం వచ్చిందేమోనని అక్క నుదురు పట్టుకుని చూసింది.

మూడో ఉంగరానికి అతను తిండి నిద్ర పట్టించుకోలేదు. ఒక్కటే వజ్రం, లోతుగా కూర్చున్నది. అంచులు గుండ్రం. చెయ్యి ముడిచినా పక్క వేలికి ఒరుసుకోదు. లోపలి వైపు సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ మొహం చూసుకోవచ్చు. ఆమె పాలిష్ పట్టి తెచ్చింది. వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది.

“బాగుంది” అంది.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. తొందరపడ్డాడు.

“చాలా బాగుంది. అందుకే చెప్తున్నాను. ఇక్కడ ఈ గట్టు ఒక్క పిసరు ఎత్తుగా ఉంది.”

అతను ఆ పిసరు తీశాడు. ఆమె మళ్ళీ పాలిష్ పట్టింది. ఇంకోచోట గీత కనిపించింది. తీశాడు. మళ్ళీ పాలిష్. నెలాఖరు దగ్గరపడుతోంది, ఉంగరం వాళ్ళిద్దరి మధ్య తిరుగుతూనే ఉంది. నిజం చెప్పాలంటే ఆ చివరి గీతల్లో ఒకటి అతను కావాలని పెట్టిందే. ఉంగరం పూర్తయితే ఇవ్వాలి కదా. ఇవ్వాలంటే నోరు తెరవాలి.

ఒక పొద్దున ఆమె ఉంగరాన్ని అతని బల్ల మీద ఠక్కున పెట్టింది.

“ఇక నేను దీన్ని ముట్టుకోను. పాలిష్ పట్టిన ప్రతిసారీ కాస్త బంగారం పోతుందని మీకు తెలుసు. ఇంకో రెండుసార్లు పట్టానంటే ఆ పిల్ల వేలికి కట్టుకోవడానికి దారం మిగులుతుంది.”

“అతను ఒక్కసారి…”

“అతనికి పెళ్ళి ఇష్టం లేదు మేస్త్రీ. ఉంగరం పేరు చెప్పి రోజులు నెడుతున్నాడు. అవతల ఆ పిల్ల ఏమనుకుంటోందో!”

“ఇష్టం లేక కాదు. ఇష్టమే. చాలా ఇష్టం” అన్నాడతను. గొంతు పెరిగింది. యజమాని తలుపులోంచి తొంగి చూశాడు.

ఆమె అతని వంక వింతగా చూసింది. “మీకెలా తెలుసు?”

అతను భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

“సరే, తీసుకురండి ఆ మనిషిని. నేను వెళ్ళేలోపు నాలుగు మాటలు చెప్తాను. ఆ పిల్ల తరఫున అడిగేవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేరు.”

“చూద్దాం.”

“చూద్దాం కాదు. రేపు మధ్యాహ్నం.”

మర్నాడు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. అక్క ఏమీ అడగలేదు. అడిగితే ఎక్కడ విప్పేస్తాడోనని భయపడింది. పొద్దుటి పని యథాప్రకారం చేశాడు. మధ్యాహ్నం కాగానే పని గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించి, ఉంగరం చిన్న పెట్టెలో పెట్టుకుని, వెనక తలుపులోంచి బయటికి వెళ్ళాడు. పక్కసందులోంచి తిరిగి వీధిలోకి వచ్చి, దుకాణం ముందు తలుపు తోశాడు. అన్నేళ్ళలో ఆ తలుపు తోయడం అదే మొదలు. గంట మోగింది.

“ఏం మర్చిపోయావ్?” అన్నాడు యజమాని.

మేస్త్రీ కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. అది అనుకున్నదానికంటే లోతుకి దిగింది. మోకాళ్ళు పైకి లేచాయి.

“లేవయ్యా, ఎవరైనా వస్తారు.”

“వచ్చాను కదండీ. ఆ ఉంగరం కస్టమర్ని నేనే. ఆవిడని పిలుస్తారా?”

యజమాని అతని చొక్కా చూశాడు, ఇస్త్రీ మడత చూశాడు, చేతిలో పెట్టె చూశాడు. వ్యాపారంలో తల పండినవాడు. లోపలికి కేకేశాడు.

పాలిషమ్మ ముక్కుగుడ్డ కిందికి లాక్కుంటూ వచ్చింది. చేతులకి తోలు తొడుగులు అలాగే ఉన్నాయి. చెప్పదలచుకున్న నాలుగు మాటలూ పొద్దుటి నుంచి పదును పెట్టుకున్నట్టుంది, మొహం ఎర్రగా ఉంది.

“ఏడీ?”

“ఇక్కడే ఉన్నాను” అన్నాడు మేస్త్రీ.

ఆమె గదంతా చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. ఆ కుర్చీలో, మోకాళ్ళ మీద పెట్టె పెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఇంకెవరైనా అయితే అక్కడ మాట మింగేసేవారు. పదును పెట్టిన మాటలు వృథా చేసే అలవాటు ఆమెకి లేదు.

“మీరేనా ఆ మనిషి?”

“నేనే.”

“ఆ పిల్లకి చెప్పారా?”

“లేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఆవిడ పనిలో ఉంటే మోటారు చప్పుడు. మోటారు ఆపితే అందరూ వింటారు.”

“అన్ని రోజులూ అదేనా?”

“అన్ని ఏళ్ళూ అదే.”

ఆమె తోలు తొడుగులు ఒక్కొక్కటీ లాగి కౌంటరు మీద పెట్టింది. ఇప్పుడు ఊరుకుంటే నెలాఖరు తర్వాత ఆ మూలన ఖాళీ స్టూలు ఉంటుందని, దాన్ని తను బతికినన్నాళ్ళూ చూస్తూ రాళ్ళు పొదగాలని అతనికి తెలుసు. లేవబోయాడు. కుర్చీ లేవనివ్వలేదు. కూర్చునే పెట్టె మూత తీశాడు.

“ఇది మీకే చేశాను. మీరు తప్పులు చెప్తుంటే, మీక్కావలసినట్టు వస్తోంది కదా అని సంతోషపడ్డాను. నాకు మీరంటే ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

ఇంత పొడుగు మాట అతని నోట్లోంచి వస్తుందని ఆ దుకాణంలో ఎవరూ అనుకోలేదు, అతనితో సహా.

ఆమె ఉంగరం తీసుకుంది. వెలుతురుకి పట్టి చూడలేదు, దాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. నేరుగా వేలికి పెట్టుకుంది. ఉంగరం జర్రున జారి, ఒక చుట్టు తిరిగి, వజ్రం అరచేతి వైపు వేలాడింది. చెయ్యి కిందికి దించితే నేల మీద పడేదే.

“ఇది ఎవరి కొలత?”

“మీ తోలు తొడుగుది.”

“ఏ తొడుగు?”

అతను కౌంటరు మీదున్నవాటిలో ఒకదాన్ని చూపించాడు.

“అది బొటనవేలిది” అందామె. “లోపల గుడ్డ కూడా చుట్టుకుంటాను.”

“బొటనవేలికి పెట్టుకోవడం ఈ మధ్య ఫ్యాషనే” అన్నాడు యజమాని. ఇద్దరూ అతని వైపు చూశారు. ఆయన లోపల ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయాడు.

ఆమె కౌంటరు మేకుకి వేలాడుతున్న కొలత రింగుల గుత్తి తీసింది. ఇన్నేళ్ళూ ఊరందరి ఉంగరాలూ మెరిపించిన మనిషి, తన వేలి సైజు ఎంతో అప్పటిదాకా చూసుకోలేదు. ఒక రింగు పెట్టి తీసింది. ఇంకోటి పెట్టింది. అది ఆగింది. కాసేపు ఆ ఇత్తడి రింగుని అలాగే ఉంచుకుని, ఎర్ర పొడి పట్టిన తన గోళ్ళ వంక చూసుకుంది. కళ్ళు తడయ్యాయి. ముక్కుగుడ్డతో తుడుచుకుంటే ఎర్ర పొడి బుగ్గంతా పాకింది.

“ఇదీ నా సైజు. ముక్క కోసి అతికించండి. రేపు సాయంత్రానికి కావాలి.”

“పాలిష్?”

“పాలిష్ నేనే పట్టుకుంటాను. ఆ తర్వాత మీరింక దాన్ని ముట్టుకోకండి.”

అతను తలూపాడు. చెయ్యి ఇచ్చి లేపమని అడగడానికి మొహమాటపడి, ఆ కుర్చీలో ఇంకాసేపు ఉండిపోయాడు. తను ఏడుస్తున్నట్టు అతనికి ఆలస్యంగా తెలిసింది.

నెలాఖరుకి ఆమె అనుకున్నట్టే కార్ఖానాకి మారింది. మేస్త్రీ కూడా తన ఆకురాళ్ళు, పట్టకార్లు, భూతద్దం మూటగట్టుకుని వెంట వెళ్ళాడు. యజమాని ఫ్యాను పెట్టిస్తానన్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. అక్క మాత్రం ఆ పాలిషమ్మని చూడటానికి వచ్చి, చేతులు రెండూ పట్టుకుని, “ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?” అంది. “గదికి ఆ చివర ఉన్నాను వదినా” అందామె.

కొత్తచోట కూడా పాలిష్ మోటారు దగ్గర ఉంగరం పెట్టుకోకూడదు. చక్రం లాగేస్తే వేలే పోతుంది. అందుకని రోజూ పొద్దున ఆమె ఉంగరం తీసి, అతని పనిబల్లకి కొట్టిన చిన్న మేకుకి తగిలించి వెళ్తుంది. సాయంత్రం మోటారు ఆపి, చేతులు కడుక్కుని, వచ్చి అతని ముందు చెయ్యి చాపుతుంది. అతను చేతిలో ఎవరి రాయి ఉన్నా పక్కన పెట్టి, మేకు మీది ఉంగరం తీసి, చొక్కా అంచుతో తుడిచి తొడుగుతాడు. ఒక్కసారి ఇవ్వడానికి అన్నేళ్ళు తీసుకున్న మనిషికి రోజూ ఇవ్వాల్సిన పని పడింది. మొదట్లో కార్ఖానాలో అందరూ ఆగి చూసేవారు. ఇప్పుడు ఎవరూ తల ఎత్తరు.

అప్పుడప్పుడు ఆమె కావాలని బొటనవేలు చాపుతుంది. అతను నవ్వడు. ఆ చేతిని జాగ్రత్తగా తిప్పి, సరైన వేలు చూసుకుని, ఉంగరం తొడిగి, ఇంటికి వెళ్దామా అంటాడు.